గేరుపెట్టె పరీక్ష

పాత మోటారు సైకిలు ఇంజనును విప్పించి మరల కట్టించువారు పిస్టను, సిలిండరు, వాల్వులు మొదలగువానికి ఎంత ధనమైనను వెచ్చింతురు. గేరుపెట్టె మాట వచ్చినప్పుడు మాత్రము, “గేర్లు పడుచున్నవి గదా!” యని ఊరకుందురు. ఈ అలక్ష్యము తగదని మేము మనవి చేయుచున్నాము.

ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టి, 1955లో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా ద్వారా మద్రాసులో తయారైన 350 సి.సి. బుల్లెట్టునే తీసికొందము. పాత బండ్లలో అల్బియను రకపు నాలుగు గేర్ల పెట్టె ఇంజను వెనుక వేరుగా బిగింపబడి యుండును. అందు రెండు ఇరుసులు కలవు. క్లచ్చి నుండి వచ్చు బలము మొదటి మూడు గేర్లలో ప్రధానపు ఇరుసు నుండి తోడు ఇరుసునకు పోయి, మరలి వచ్చి చైను పళ్ళచక్రమును త్రిప్పును. నాలుగవ గేరులో నేరుగా పోవును. కావున మూడు గేర్లలో రొద వినవచ్చి నాలుగవదానిలో అణగినచో, దోషము తోడు ఇరుసు వైపున నున్నదని విప్పకమునుపే ఊహింపవచ్చును.

మొదట నూనెను తెల్లని పళ్ళెములోనికి వంపవలెను. వెండిపూత వంటి సన్నని పొడి సహజమే. చేతికి తగులు రేకులున్నచో అయస్కాంతమును చూపుడు. అంటుకొనునవి ఉక్కు, గేర్లవో, బేరింగులవో కావలెను. అంటనివి కంచు, బుష్షు అరిగినదన్నమాట.

పిమ్మట భాగములను కిరసనాయిలుతో కడిగి, ఎండ వెలుతురున ప్రతి పంటిని చూడవలెను. పంటికి పైపొర మాత్రమే గట్టిపరుపబడి యుండును. అది లేచి గుంటలు పడిన చక్రము పనికిరాదు. గేర్లను ఒకదానితో నొకటి కూర్చు మొనలు గుండ్రబడినచో, నడుచుచుండగనే గేరు జారిపోవును. వానిని ఆకురాయితో రాచినచో గట్టిపొర పోయి కీడే మిగులును. ప్రధానపు ఇరుసును దాని తొడుగు గేరులో నుంచి ఊపి చూడుడు. వదులుగా ఊగినచో బుష్షు మార్పింపవలెను.

ఇంత శ్రమ యేల? విరిగిన పన్నొకటి రెండు చక్రముల నడుమ చిక్కుకొన్నచో వెనుక చక్రము తటాలున బిగిసిపోవచ్చును. అప్పుడు క్లచ్చి నొక్కినను ఫలము లేదు. క్లచ్చి ఇంజనును గేరుపెట్టె నుండి విడదీయునే గాని, గేరుపెట్టెను వెనుక చక్రము నుండి విడదీయజాలదు. ఆ బండి వెనుక కూర్చుండువారు మన ఇంటివారే గదా! ఇంజను ఎటులను క్రిందికి దిగినది. మరియొక పూట పట్టినను ఈ పరీక్ష చేయించుడు.