పీచుమిఠాయి పరిమళం!

తిరునాళ్లలో పీచుమిఠాయి బండి పక్కన నిలబడితే వచ్చే వాసన గుర్తుందా? పంచదార కరిగి, కాస్త మాడీ మాడనట్టు... ఆ తీపినే సీసాలో పట్టి చీర మీద చల్లుకోమంటే? సెంటంటే మల్లె, గులాబీ, గంధం ఉండాలిగానీ తినేవాటి వాసన ఒంటికెందుకూ అంటారు ఎవరైనా.

ఫ్రెంచి డిజైనర్‌ థియరీ ముగ్లర్‌ అలా అనుకోలేదు. స్ట్రాస్‌బర్గ్‌లో పుట్టిన ఆయన చిన్నప్పటి సంత జ్ఞాపకాలే 1992లో 'ఏంజెల్‌' అయ్యాయి. దాన్ని తయారుచేసింది ఒలివియే క్రెస్ప్‌. ఇథైల్‌ మాల్టాల్‌ అనే పదార్థం ఉంది. కాస్త పడితే చాలు, గదంతా పాకం పట్టినట్టే! దానికి ఎర్రటి బెర్రీ పళ్లనీ వెనిలానీ జోడించారు. అంతటితో ఆగితే అది చిన్నపిల్లల చాక్లెట్‌ కాగితమే అయ్యేది. అందుకే పచౌలి ఆకు నూనెని దండిగా పోశారు. తడిమట్టినీ పాత చెక్కపెట్టెనీ తలపించే ఘాటు దానిది. ఒకప్పుడు మన దేశం నుంచి యూరప్‌ వెళ్లే శాలువల మధ్య పురుగు పట్టకుండా పెట్టింది ఆ ఆకులనే. తీపికీ ఘాటుకీ జరిగే ఆ కొట్లాటే ఏంజెల్‌ అసలు రుచి. మొదట్లో ముక్కు మూసుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాతేమో ఫ్రాన్స్‌లో షానెల్‌ నెంబర్‌ 5తోనే అమ్మకాల్లో పోటీపడింది.

ఇక లాంకమ్‌ వారి 'లా వీ ఎ బెల్‌'. 'జీవితం అందమైనది' అని అర్థం. వచ్చింది 2012లో, ముగ్గురు నిపుణుల చేతుల మీదుగా. మూత తీయగానే బేరిపండు, బ్లాక్‌కరెంట్‌, వెనకే నారింజపూలు... చివరికి ప్రాలిన్‌ తీపి. ఇందులోనూ పచౌలి ఉంది, కానీ పేచీ పెట్టదు. దీని గొప్పంతా ఐరిస్‌ది. పువ్వు కాదండోయ్‌, దుంప! తవ్వి కొన్నేళ్లు ఆరబెడితేగానీ పౌడరులాంటి ఆ మెత్తని వాసన రాదు. వద్దనేవాళ్లు తక్కువే. కాకపోతే ఒకటి... లిఫ్టులో పక్కావిడ కూడా అదే పూసుకుని ఉండొచ్చు!

మరి ఏది కొనాలి? దుకాణంలో కాగితం మీద చల్లి ఇచ్చింది చూసి డబ్బులు తీయకండి. ఒక మణికట్టుకి ఒకటి, రెండోదానికి ఇంకొకటి రాసుకుని బజారంతా తిరిగి రండి. రుద్దకూడదు. గంట తర్వాత ఏంజెల్‌లో పళ్లు వెనక్కిపోయి మట్టివాసన మిగులుతుంది. అది తలనొప్పి తెప్పిస్తే ఎంత పేరున్నదైనా మీకు పనికిరాదు. మన మే నెల ఎండలకి తీపి సెంట్లు రెండింతలు వీస్తాయి. కిక్కిరిసిన బస్సులో అయితే రెండో చుక్క పక్కవాళ్ల మీద దాడే. ఏంజెల్‌ని శీతాకాలం పెళ్లిళ్లకి దాచుకోవడం మేలు. ఆఫీసుకి రెండోదే నయం, అదీ ఒక్క చుక్క.

అన్నట్టు, ఇంత భేదమున్న ఈ రెండూ ఇప్పుడు ఒకే గూటివే. లాంకమ్‌ని 1964లోనే కొన్న లోరియల్‌, 2020లో ముగ్లర్‌ సెంట్లనీ కలిపేసుకుంది.