కంటైనర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి?



మేము ఎంసీఏ చదువుతున్నాము. మా ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాదే. కంప్యూటరు సంగతి ఇంటికెళ్లి ఎవరినైనా అడిగి తెలుసుకుందామంటే మాకు కుదరలేదు. మీలో చాలామందికీ కుదరదు. అందుకే మేము నేర్చుకున్న దానిలో ఒక్క విషయం ఇక్కడ వివరించదలచుకున్నాము.

నేడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఇంటర్వ్యూలలో "డాకర్ తెలుసా?" అని అడుగుతున్నారు. "తెలుసండీ" అనగానే రెండో ప్రశ్న వస్తుంది: "ఒక కంటైనర్‌లో వెబ్‌సైట్ ఉంది, ఇంకో కంటైనర్‌లో డేటాబేస్ ఉంది. రెండింటినీ ఎలా కలుపుతావు?" మొదటి ప్రశ్న దాటినవాళ్లు చాలామంది ఈ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. నిజానికి ఇది కష్టమైన ప్రశ్న కాదు. లోపల ఏం జరుగుతుందో ఒకసారి అర్థమైతే బట్టీ పట్టాల్సిన అవసరమే ఉండదు.

కంటైనర్ అంటే ఏమిటి?

మన హాల్‌నే తీసుకోండి. అందరికీ పైకప్పు ఒకటే, ఫ్యాన్లు ఒకటే, నీళ్ల ట్యాంకు ఒకటే. కానీ ఎవరి ట్రంకుపెట్టె వాళ్లదే. ఎవరి పళ్లెం, గ్లాసు, సబ్బు, పుస్తకాలు వాళ్ల పెట్టెలోనే ఉంటాయి. ఇంకొకరి పెట్టెలో ఏముందో మనకు కనబడదు.

కంటైనర్ కూడా అంతే. కంప్యూటరును నడిపే అసలు భాగాన్ని కెర్నెల్ అంటారు. అది మన హాల్ లాంటిది, అందరికీ ఉమ్మడి. ఒక ప్రోగ్రాము, అది నడవడానికి కావలసిన ఫైళ్లు అన్నీ కలిపి ఒక పెట్టెలో సర్దితే అది కంటైనర్. వర్చువల్ మెషిన్ అయితే ప్రతి ఒక్కరికీ విడిగా ఒక ఇల్లు కట్టించినట్టు. దానికి సొంత కెర్నెల్ ఉంటుంది, అందుకే ఎక్కువ మెమరీ తింటుంది. కంటైనర్‌కు ఆ భారం లేదు.

లినక్స్‌లో ఈ ఏర్పాటు రెండు పనిముట్ల మీద నిలబడింది. ఎవరికి ఏది కనబడాలో నిర్ణయించేవి నేమ్‌స్పేస్‌లు. ఎవరు ఎంత మెమరీ, ఎంత ప్రాసెసర్ వాడుకోవచ్చో హద్దు పెట్టేవి సీగ్రూప్స్. సీగ్రూప్స్ 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌తో వచ్చాయి. డాట్‌క్లౌడ్ అనే కంపెనీ తరఫున సాలమన్ హైక్స్ 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైకాన్ సదస్సులో డాకర్‌ను మొదటిసారి అందరి ముందూ చూపించారు. అంతకుముందు ఆరితేరినవాళ్లే చేయగలిగిన పని డాకర్ వచ్చాక ఒక్క ఆదేశంతో చేసే పనైంది.

"మా ఇల్లు" అంటే ఎవరి ఇల్లు?

నేమ్‌స్పేస్‌లలో నెట్‌వర్క్‌కు సంబంధించినది ఒకటి ఉంది. దాని వల్ల ప్రతి కంటైనర్‌కూ సొంత నెట్‌వర్క్ కార్డు, సొంత ఐపీ చిరునామా, సొంత పోర్టులు ఉన్నట్టు ఉంటుంది. చాలామంది తికమక పడేది ఇక్కడే.

'లోకల్‌హోస్ట్' అనే మాట మీరు వినే ఉంటారు. దాని చిరునామా 127.0.0.1. "నేనున్న ఈ యంత్రమే" అని దాని అర్థం. ల్యాబులో వెబ్‌సైట్, డేటాబేస్ రెండూ ఒకే కంప్యూటరులో నడిపినప్పుడు, డేటాబేస్ ఎక్కడుందంటే లోకల్‌హోస్ట్ అని రాస్తే సరిపోతుంది. వాటినే రెండు కంటైనర్లలో పెట్టి అదే మాట రాస్తే పని జరగదు. ఎందుకని?

హాల్లో ఇద్దరు పిల్లలు "మా ఇల్లు" అంటారు. మాట ఒకటే, కానీ ఎవరి ఇల్లు వాళ్లది. వెబ్‌సైట్ కంటైనర్ 'లోకల్‌హోస్ట్' అన్నప్పుడు అది తనలోనే డేటాబేస్ కోసం వెతుక్కుంటుంది. అక్కడ డేటాబేస్ లేదు, కాబట్టి కనెక్షన్ కుదరదు. డేటాబేస్ పక్క కంటైనర్‌లో ఏ లోపమూ లేకుండా నడుస్తూనే ఉంటుంది.

మధ్యలో వంతెన

మన కంప్యూటర్ ల్యాబులో చిన్న స్విచ్ పెట్టె ఉంటుంది. అన్ని కంప్యూటర్ల నుంచి కేబుళ్లు వచ్చి దానిలో చేరతాయి. డాకర్ ఇదే ఏర్పాటును వస్తువులేవీ లేకుండా, కేవలం సాఫ్ట్‌వేర్‌తో చేస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ స్విచ్‌ను బ్రిడ్జ్, అంటే వంతెన అంటారు. కేబుల్‌కు బదులు 'వీఈత్' అనే జత ఉంటుంది. దానికి రెండు చివరలు. ఒకటి కంటైనర్ లోపల, రెండోది బ్రిడ్జ్‌కు తగిలించి ఉంటుంది. ఒక చివర వేసిన సమాచారం రెండో చివర బయటికి వస్తుంది.

లినక్స్ కంప్యూటరులో డాకర్ పెట్టగానే 'డాకర్0' అనే బ్రిడ్జ్ దానంతటదే ఏర్పడుతుంది. మామూలుగా దానికి 172.17.0.1 చిరునామా ఉంటుంది. మనం ఏ నెట్‌వర్కూ చెప్పకపోతే ప్రతి కొత్త కంటైనర్ దీనికే చేరుతుంది. ఈ బ్రిడ్జ్ మీద ఉన్న కంటైనర్లు ఐపీ చిరునామాతో మాట్లాడుకోగలవు. పేరుతో మాత్రం పిలుచుకోలేవు. అది పెద్ద లోటు.

మంచం నంబరు కాదు, పేరు కావాలి

జూన్‌లో హాస్టల్ తెరవగానే మంచాలు మారతాయి. నిరుడు 14వ మంచం మీద ఉన్న పిల్లవాడు ఈ ఏడు 31వ మంచం మీద ఉండవచ్చు. మంచం నంబరు గుర్తుపెట్టుకుని వెళ్తే వేరేవాళ్లు కనబడతారు. పేరు చెప్పి అడిగితే వార్డెన్ గారు రిజిస్టరు చూసి ఎక్కడున్నాడో చెబుతారు.

కంటైనర్ల ఐపీ చిరునామాలు మంచం నంబర్ల లాంటివి. కంటైనర్‌ను తీసేసి మళ్లీ పుట్టిస్తే చిరునామా మారిపోవచ్చు. దాన్ని ప్రోగ్రాములో రాసిపెట్టుకుంటే ఏదో ఒక రోజు వెబ్‌సైట్ ఆగిపోతుంది. కాబట్టి పేరుతో పిలవాలి, రిజిస్టరు చూసి చెప్పేవారు కావాలి.

మనం సొంతంగా ఒక నెట్‌వర్క్ ఏర్పాటు చేసుకుంటే ఆ రిజిస్టరును డాకరే నడుపుతుంది. దానిలో చేరిన ప్రతి కంటైనర్ పేరూ, చిరునామా రాసుకుంటుంది. కంటైనర్ లోపలి నుంచి పేరు అడిగితే 127.0.0.11 అనే చిరునామాలో ఉన్న డాకర్ డీఎన్ఎస్ సర్వరు జవాబు చెబుతుంది. సొంత నెట్‌వర్క్‌లు పెట్టుకునే సౌకర్యం 2015 నవంబరులో 1.9 వెర్షన్‌తో వచ్చింది. ఈ డీఎన్ఎస్ సర్వరు 2016లో 1.10 వెర్షన్‌తో చేరింది.

చేసి చూద్దాం

హాస్టల్ పూర్వ విద్యార్థుల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టాలనుకుందాం. వర్డ్‌ప్రెస్ ఒక కంటైనర్‌లో, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఇంకో కంటైనర్‌లో. (ఆదేశాలన్నీ కీబోర్డు మీద ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కొట్టాలి.)

1. ముందు నెట్‌వర్క్: 'డాకర్ నెట్‌వర్క్ క్రియేట్ హాస్టల్‌నెట్'. దీనితో కొత్త బ్రిడ్జ్ సిద్ధం.

2. 'డాకర్ రన్'తో మైఎస్‌క్యూఎల్‌ను మొదలుపెట్టేటప్పుడు రెండు అడ్డగీతలు పెట్టి 'నేమ్' దగ్గర 'ఖజానా' అని, అలాగే 'నెట్‌వర్క్' దగ్గర 'హాస్టల్‌నెట్' అని ఇవ్వాలి. డేటాబేస్ పాస్‌వర్డు కూడా ఇక్కడే ఇవ్వాలి.

3. వర్డ్‌ప్రెస్‌ను కూడా అదే హాస్టల్‌నెట్‌లో మొదలుపెట్టాలి. డేటాబేస్ ఎక్కడుందో చెప్పే అమరికలో లోకల్‌హోస్ట్ అని కాకుండా 'ఖజానా' అని రాయాలి.

4. 'డాకర్ నెట్‌వర్క్ ఇన్‌స్పెక్ట్ హాస్టల్‌నెట్' అని కొడితే రెండు కంటైనర్ల పేర్లు, చిరునామాలు కనబడతాయి. అంటే రిజిస్టరు మనం కళ్లారా చూసినట్టే.

పని పెరిగితే ఇవన్నీ రోజూ కొట్టనక్కర లేదు. డాకర్ కంపోజ్ అనే పద్ధతిలో మొత్తం ఒక ఫైలులో రాసుకుంటాము. ఆ ఫైలులోని కంటైనర్లన్నింటికీ కలిపి కంపోజ్ ఒక నెట్‌వర్క్ తానే ఏర్పాటు చేస్తుంది. ఫైలులో ఇచ్చిన సర్వీసు పేర్లతోనే అవి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి.

గేటు ఎవరికి తీయాలి?

ఇప్పుడు లోపలివాళ్లు మాట్లాడుకుంటున్నారు. బయటి నుంచి వెబ్‌సైట్ చూడటానికి వచ్చేవారి సంగతి? దానికి గేటు తీయాలి. దీన్ని పోర్టు పబ్లిష్ చేయడం అంటారు. 8080:80 అని ఇస్తే, కంప్యూటరు 8080వ పోర్టుకు వచ్చినవారిని కంటైనర్ 80వ పోర్టుకు పంపమని అర్థం. ఎడమవైపుది బయటి నంబరు, కుడివైపుది లోపలి నంబరు.

డేటాబేస్‌కు కూడా ఇలా గేటు తీయాలా? తీయనక్కర లేదు. మైఎస్‌క్యూఎల్ 3306వ పోర్టులో ఉంటుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న వర్డ్‌ప్రెస్ దాన్ని నేరుగా చేరుకుంటుంది. అయినా చాలా పాఠాలలో చూసి 3306:3306 అని అలవాటుగా రాసేస్తుంటారు. అలా రాస్తే ఆ కంప్యూటరుకున్న అన్ని చిరునామాల మీదా తలుపు తెరుచుకుంటుంది. ఉబుంటులో 'యూఎఫ్‌డబ్ల్యూ' ఫైర్‌వాల్ పెట్టుకున్నాం కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. డాకర్ తన నియమాలను కెర్నెల్‌లో నేరుగా రాస్తుంది కాబట్టి, పబ్లిష్ చేసిన పోర్టుకు ఆ ఫైర్‌వాల్ అడ్డుపడకపోవచ్చు. మన అవసరానికి తప్పదనుకుంటే నంబర్ల ముందు 127.0.0.1 చేర్చాలి. అప్పుడు ఆ కంప్యూటరు దగ్గర కూర్చున్నవారికే అది తెరుచుకుంటుంది.

ఇది చిన్న విషయం కాదు తమ్ముళ్లూ. మన స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఏమేం రాస్తామో గుర్తుచేసుకోండి. కులం, ఆదాయం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా. ఇలాంటి వివరాలన్నీ ఎక్కడో ఒక డేటాబేస్‌లో ఉంటాయి. రేపు అలాంటి డేటాబేస్‌ను చూసుకునే ఉద్యోగం మీలో ఒకరికి రావచ్చు. అవసరం లేని ఒక్క పోర్టు మూసి ఉంచడమంటే మన అమ్మానాన్నల పాస్‌బుక్కును కాపాడటమే.

పెద్ద ఏర్పాట్లలో రెండు నెట్‌వర్క్‌లు పెడతారు. ముందు నిలబడే వెబ్ సర్వరు ఒకదానిలో, డేటాబేస్ రెండోదానిలో ఉంటాయి. మధ్యనున్న ప్రోగ్రాము మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. వెబ్ సర్వరుకు డేటాబేస్ కనబడనే కనబడదు.

కలవకపోతే ఏం చూడాలి?

కంగారు పడి అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టవద్దు. తెర మీద వచ్చిన మాట చదవండి.

పేరు తెలియడం లేదని వస్తే, రెండు కంటైనర్లు ఒకే నెట్‌వర్క్‌లో లేవు, లేదా పేరు తప్పుగా రాశాము.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వస్తే, మామూలుగా ఇల్లు దొరికింది కానీ ఆ తలుపు దగ్గర ఎవరూ లేరని అర్థం. పోర్టు నంబరు చూడండి. లోపలివాళ్లు మాట్లాడుకునేటప్పుడు లోపలి నంబరే వాడాలి, గేటు నంబరు కాదు. డేటాబేస్ మొదటిసారి సిద్ధం కావడానికి కొంత సమయం పడుతుంది, కాసేపు ఆగి చూడండి. నంబరు సరిగానే ఉంటే, అవతలి ప్రోగ్రాము తన 127.0.0.1 మీద మాత్రమే వింటోందేమో చూడండి. అలాగైతే దాన్ని 0.0.0.0 మీద వినేటట్టు మార్చాలి.

కంప్యూటర్లు రెండైతే?

బ్రిడ్జ్ ఒక కంప్యూటరు లోపలే పనిచేస్తుంది. కంటైనర్లు వేర్వేరు కంప్యూటర్లలో ఉంటే ఓవర్‌లే నెట్‌వర్క్ కావాలి. ఒక కవరును ఇంకో పెద్ద కవరులో పెట్టి పోస్టు చేసినట్టు, కంటైనర్ పంపిన సమాచారాన్ని ఇంకో పొట్లంలో చుట్టి అవతలి కంప్యూటరుకు పంపుతారు. అక్కడ పై కవరు చించి లోపలిది కంటైనర్‌కు అందిస్తారు. డాకర్ దీనికి వీఎక్స్‌ల్యాన్ అనే పద్ధతిని వాడుతుంది. పాత వీల్యాన్ పద్ధతిలో 4,094 నెట్‌వర్క్‌లే వీలయ్యేవి. వీఎక్స్‌ల్యాన్‌లో నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్యకు 24 బిట్లు ఉండటం వల్ల 1 కోటి 67 లక్షలకు పైగా వీలవుతాయి. 2014లో గూగుల్ ప్రకటించిన కుబర్నెటీస్‌లోనూ సూత్రం మారలేదు. అక్కడా మారిపోయే చిరునామాను నమ్ముకోరు, పేరునే నమ్ముకుంటారు.

ఇవన్నీ నేర్చుకోవడానికి ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కర లేదు. లినక్స్ ఉన్న ఒక్క కంప్యూటరు చాలు. డాకర్ ఇంజిన్ ఉచితం. కంటైనర్ల ఇమేజీలు దించుకోవడానికి వందల ఎంబీల డేటా అవుతుంది. అందుకని ఒక్కొక్కరు కాకుండా ల్యాబులో అందరూ కలిసి ఒక్కసారి దించుకోండి, తర్వాత నెట్ లేకపోయినా ఎన్నిసార్లయినా సాధన చేయవచ్చు. దసరా సెలవులకు మేము హాస్టలుకు వచ్చినప్పుడు హాస్టల్‌నెట్ చేసి చూపించండి. ఎక్కడైనా ఆగిపోతే, తెర మీద వచ్చిన మాటను నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. కలిసి కూర్చుని చూద్దాం.