పొగ రంగు చూశారా?

ఫ్లైఓవర్ ఎక్కితే చాలు... వెనకొచ్చే బైకు వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మా బావగారు ముచ్చటపడి కొన్న సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు అంత నల్లటి పొగ వదిలేది మరి! మెకానిక్‌కి చూపిస్తే ‘ఇంజెక్టర్లు పోయాయి సార్’ అన్నాడు. మార్పించారు. పొగ తగ్గలేదు. ఇంకోచోట ‘టర్బో మార్చాలి’ అన్నారు. దాని ధర విని, కారే అమ్మేద్దామంది అక్క.

చివరికి ఓ పెద్ద మెకానిక్ బానెట్ ఎత్తి, చేత్తో తడిమి అసలు సంగతి చెప్పాడు. టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టానికి అడుగున చిన్న చీలిక. దాని చుట్టూ నల్లగా, జిడ్డుగా తడి. బండి ఆగి ఉంటే ఆ చీలిక మూసుకునే ఉంటుంది. ఎత్తెక్కేటప్పుడు లోపలి గాలి ఒత్తిడికి విచ్చుకుంటుంది. అందుకే షెడ్డులో ఎవరికీ దొరకలేదు. గొట్టం మార్చారు, పొగ పోయింది, పికప్ కూడా తిరిగొచ్చింది.

నల్ల పొగంటే సరిగా కాలని డీజిల్. డీజిల్ ఎక్కువ పడుతుండాలి, లేదా గాలి చాలకపోవాలి. మనవాళ్లు ముందు ఇంజెక్టర్ల మీదే పడతారు. ఖర్చు తక్కువైన గాలి వైపు నుంచి మొదలుపెట్టడమే మేలు. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడిపోయిందా? గొట్టాల్లో ఎక్కడైనా ఈల లాంటి శబ్దం వస్తోందా? ఆ తర్వాత ఈజీఆర్ వాల్వ్. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది ఇదే. మసి పట్టి తెరుచుకుని ఉండిపోతే తాజా గాలికి చోటుండదు. ఇవన్నీ బాగుంటేనే ఇంజెక్టర్లు. వాటినైనా టెస్టింగ్ చేయించాకే మార్చాలి.

తెల్ల పొగ వేరు. చలి ఉదయం స్టార్ట్ చేయగానే వచ్చి, డీజిల్ వాసన కొట్టి, కాసేపటికి తగ్గిపోతే గ్లో ప్లగ్గులు చూపించండి. ఇంజిన్ వేడెక్కినా ఆగకుండా, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

భయపడాల్సింది నీలి పొగకి. ఇంజిన్ ఆయిల్ మండుతోందన్నమాట. పిస్టన్ రింగులు అరిగినా, టర్బో సీళ్లు పోయినా ఇలాగే ఉంటుంది. టర్బో నుంచి ఆయిల్ ఎక్కువగా లోపలికి పోతే ఇంజిన్ ఆ ఆయిల్‌తోనే పరుగందుకుంటుంది. తాళం తీసినా ఆగదు! గేర్లున్న కారైతే ఆపి, పై గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ వదిలెయ్యాలి. అందుకే నీలి పొగ కనిపిస్తే ‘వచ్చే నెల చూద్దాంలే’ అనుకోకండి.

2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న బీఎస్ 6 డీజిల్ కార్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. వాటిలో నల్ల పొగ కంటికి కనిపించిందంటే ఆ ఫిల్టర్ పాడైందో, ఎవరైనా తీసేశారో అడగాలి.

ఇక కొనబోయేవాళ్లకో మాట. చూడ్డానికి వెళ్లినప్పుడు ముందు బానెట్ మీద చెయ్యి వేయండి. వెచ్చగా ఉంటే మీరొచ్చేలోపే ఇంజిన్ వేడి చేసి ఉంచారేమో! అలాగైతే మర్నాడు పొద్దున్నే, చెప్పకుండా వెళ్లండి.