ఒక చలికాలం మీతో ఉండాలని...

వీసాలు, విమానాలు లేని రోజుల్లో కూడా మనుషులు పరాయి దేశాల్లోని స్నేహితుల ఇళ్లకు వెళ్లి చలికాలం గడిపేవారు. అపొస్తలుడైన పౌలు అలాంటి అతిథి. ఎఫెసులో ఉండగా కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక చివర్లో (16:5-7) తన ప్రయాణం సంగతి చెబుతాడు. మాసిదోనియ మీదుగా వస్తానని, వీలైతే చలికాలమంతా వాళ్ల దగ్గరే ఉండిపోతానని, దారిలో ఆగి చూసి వెళ్లిపోవడం తనకు ఇష్టం లేదని ఆ మాటల సారాంశం.

ఆ కాలంలో మధ్యధరా సముద్రం మీద చలికాలం ప్రయాణమంటే ప్రాణాలతో చెలగాటమే. సుమారు నవంబరు మధ్య నుండి మార్చి మొదటి రోజుల దాకా ఓడలు రేవుల్లోనే ఉండేవి. అందుకే ఎవరి ఇంట్లో చలికాలం గడపాలన్నది పెద్ద నిర్ణయం. ఒకసారి ఆ ఇంట అడుగు పెడితే మూడు నెలలు కదలడానికి ఉండదు. ఆ మూడు నెలలకు పౌలు ఎంచుకున్నది తనను ఎంతో గౌరవించే ఫిలిప్పీ సంఘాన్ని కాదు. తనను విమర్శించి, గాయపరచి, తమలో తాము తగవులాడుకుంటున్న కొరింథు సంఘాన్ని!

ఈ వచనాల్ని నేను సెమినరీలో చదువుకున్నాను. కాని బోధించేటప్పుడు మాత్రం, ప్రయాణం వివరాలే కదా అని దాటేసేవాణ్ణి. అవి నాకు అర్థమైంది 2016 డిసెంబరులో, ఎడిన్‌బరో నగరంలో.

బందరు లడ్డూతో బయలుదేరి...

నా స్నేహితుడొకరు ఇరవై ఏళ్లుగా ఆ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. మచిలీపట్నం నోబుల్ కళాశాలలో ఇద్దరం ఒకే బెంచీమీద కూర్చుని చదువుకున్నాం. ఏటా ఫోన్‌లో 'ఒరేయ్, ఒక్కసారైనా రారా' అని పిలిచేవాడు. ఆ ఏడు క్రిస్మస్ ఆరాధన ముగించి, సంఘ పెద్దల అనుమతితో రెండు వారాలు సెలవు పెట్టి బయలుదేరాను.

వెళ్లే ముందు వారం ఎలా గడిచిందో సంఘకాపరులందరికీ తెలుసు. సెమీ క్రిస్మస్‌లు, క్యారల్ రౌండ్లు, డెల్టా పల్లెల్లో కూటాలు! విజయవాడలో మా సంఘానికి చెందిన ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి కొత్త క్యాలెండరు, కేకు పట్టుకుని వెళ్లాను. భార్య ప్రభువు దగ్గరికి వెళ్లి మూడేళ్లయింది. పిల్లలిద్దరూ అమెరికాలో. 'కూర్చోండి అయ్యగారూ, కాఫీ పెడతాను, మీతో ఒక మాట చెప్పాలి' అన్నారాయన. 'ఇంకా ఎనిమిది ఇళ్లున్నాయి మాస్టారూ, ఊరినుంచి రాగానే తీరిగ్గా వస్తాను' అని, నిలబడే ప్రార్థన చేసి వచ్చేశాను.

మన బెజవాడలో పద్దెనిమిది డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి. ఎడిన్‌బరోలో డిసెంబరు నెలలో ఎనిమిదిన్నర దాటితేగాని తెల్లవారదు, సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగుంకిపోతుంది. ఆ కాస్త వెలుతురులోనే చూడాల్సినవన్నీ చూపించాలని నా స్నేహితుడు పెద్ద జాబితా తయారు చేశాడు. కొండమీది కోట, సెయింట్ జైల్స్ దేవాలయం, సంస్కర్త జాన్ నాక్స్ పేరు మీదున్న ఇల్లు, ప్రిన్సెస్ వీధిలో క్రిస్మస్ బజారు. రెండు రోజుల్లో జాబితాలో సగం పూర్తి చేశాం.

ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ రోజు వీధుల్లో ఇన్ని దీపాలున్నా, స్కాట్లాండ్‌లో సంస్కరణ తర్వాత క్రిస్మస్ పండుగను బైబిల్లో లేదన్న కారణంతో పక్కన పెట్టారు. 1640లో అక్కడి పార్లమెంటు క్రిస్మస్ సెలవులను రద్దు చేస్తూ చట్టమే చేసింది. క్రిస్మస్ రోజు అక్కడ మళ్లీ ప్రభుత్వ సెలవైంది 1958లో! అందుకే వాళ్లకు డిసెంబరు 31 రాత్రే పెద్ద పండుగ. దాన్ని 'హాగ్మనే' అంటారు.

అజరయ్య గారి విన్నపం

నేను కోరి చూడాలనుకున్నది ఒక్కటే. ఊరి నడిమధ్య 'మౌండ్' అనే మిట్ట మీద ఉన్న అసెంబ్లీ హాలు. 1910 జూన్ 14 నుండి 23 వరకు ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది అక్కడే. దాదాపు పన్నెండు వందల మంది ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా ఖండం వారు ఇరవై మంది కూడా లేరు. ఆ కొద్దిమందిలో ఒకరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. వయసు ముప్ఫై అయిదు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైనా, అప్పటికే మన తెలుగు నేల మీద, దోర్నకల్‌లో సువార్త సేవకు వచ్చినవాడు.

విదేశీ మిషనరీలకు, స్థానిక సేవకులకు మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు ఆయన్ని. మిషనరీల త్యాగాన్ని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. పేదలకు ఆస్తులు పంచారు, ప్రాణాలే ధారపోశారు, భారత సంఘం ఆ మేలు మరువదు అన్నారు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే. మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులు కావాలి అని. సాయం చేసినవారు పక్కన కూర్చోలేదన్నదే ఆయన బాధ. ఆ మాటలు సభలో కొందరికి రుచించలేదు. కాని వందేళ్లు దాటినా ఆ మహాసభ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది ఆ ప్రసంగమే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా అభిషిక్తులయ్యారు. తర్వాత మన కృష్ణా తీరపు ఆంగ్లికన్ సంఘాలు కూడా ఆయన పరిచర్య కిందికి వచ్చాయి.

మేం వెళ్లేసరికి హాలు తలుపులు మూసి ఉన్నాయి. ఆవరణలో జాన్ నాక్స్ విగ్రహం చెయ్యెత్తి నిలబడి ఉంది. చలికి వణుకుతూ ఈ కథంతా నా స్నేహితుడికి చెప్పాను. 'అంటే తెల్లవాళ్లు మనల్ని ఇంట్లోకి రానివ్వలేదని మొహం మీదే అడిగాడన్నమాట! గట్టివాడేరా' అన్నాడు వాడు. నేనూ గర్వంగా తలూపాను. తప్పు అవతలివాళ్లదైతే ఒప్పుకోవడం ఎంత తేలికో!

ఎదురింటి తలుపు

డిసెంబరు 31న సాయంత్రం ఆరున్నరకే మన దగ్గర కొత్త సంవత్సరం వచ్చేసింది. మా సంఘం చేస్తున్న వాచ్‌నైట్ ఆరాధన ఫోన్‌లో చూశాం. అక్కడ అర్ధరాత్రి ఇంకో అయిదున్నర గంటలకు. ఇంట్లోనే ప్రార్థన చేసుకున్నాం. గడియారం పన్నెండు కొట్టగానే కోట మీద బాణసంచా మొదలైంది.

అప్పుడు నా స్నేహితుడు నవ్వుతూ అన్నాడు: 'ఒరేయ్ పాస్టరూ, ఈ దేశంలో అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టేవాణ్ణి ఫస్ట్ ఫుట్ అంటారు. నల్ల జుట్టున్న మగాడు బొగ్గుముక్కో, రొట్టో పట్టుకొస్తే ఏడాదంతా శుభమట. నీకింకా కాస్త నల్లజుట్టు మిగిలింది, వెళ్తావా?'

నేను నవ్వలేదు. 'శకునాలు చూడొద్దని ముప్ఫై ఏళ్లుగా బోధిస్తున్నానురా' అన్నాను.

వాడి భార్య మెల్లగా అంది: 'శకునం కోసం కాదు అన్నయ్యగారూ. ఎదురు ఫ్లాటులో పెద్దావిడ ఒక్కతే ఉంటుంది. ఈ వారం రోజుల్లో ఆ తలుపు తట్టినవాళ్లు లేరు. నాకే వెళ్లాలనిపిస్తోంది గాని, ఇన్నేళ్లూ వెళ్లకుండా ఇప్పుడెలా వెళ్లడమా అని మొహమాటం.'

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఒక పళ్లెంలో నాలుగు బందరు లడ్డూలు పెట్టుకుని ముగ్గురం వెళ్లి తలుపు తట్టాం.

వెంటనే తెరుచుకుంది. ఎనభై దాటిన మనిషి. చక్కని దుస్తులు వేసుకుని, తల దువ్వుకుని ఉంది. లోపల బల్ల మీద ఒక పళ్లెంలో బిస్కట్లు, రెండు గ్లాసులు. భర్త పోయినప్పటినుండి ప్రతి ఏడూ ఇలాగే సర్దిపెట్టుకుని కూర్చుంటుందట. వచ్చినవాళ్లు మాత్రం లేరట. విస్కీ ఇవ్వబోతే టీ చాలన్నాం. ఆవిడే పెట్టింది. లడ్డూ కొరికి, దేంతో చేస్తారని అడిగింది. మా అమ్మ గురించి అడిగింది. తన భర్త గురించి చెప్పింది. చెప్పిన సంగతే మళ్లీ చెప్పింది, మళ్లీ విన్నాం. లేచేముందు ప్రార్థన చేయమంటారా అని అడిగితే, మాట్లాడకుండా నా చెయ్యి పట్టుకుంది. వదిలిపెట్టడానికి చాలాసేపు పట్టింది.

బయటికొచ్చాక నా స్నేహితుడు మెట్ల మీద కూర్చుండిపోయాడు. 'పదకొండేళ్లురా! రోజూ హలో అని దాటిపోయాను. అజరయ్య గారు అడిగింది వాళ్లను. మరి నన్నెవరు అడగాలి?' అన్నాడు.

ఆ మర్నాటినుండి జాబితా పక్కన పెట్టేశాం. మిగిలిన రోజుల్లో ఎక్కువసేపు వాడి వంటింట్లోనే కూర్చున్నాం. వాడు ఫోన్‌లో ఇరవై ఏళ్లలో చెప్పని బాధలు ఆ నాలుగు రోజుల్లో చెప్పాడు. పిల్లల సంగతి, ఉద్యోగంలో పడ్డ అవమానం, ప్రార్థన ఎప్పుడు మానేశాడో కూడా చెప్పాడు. ఊరు చూడడానికి రెండు రోజులు చాలాయి. మనిషిని చూడడానికి మాత్రం కూర్చోవలసి వచ్చింది.

మాస్టారి మాట

విజయవాడలో దిగిన మర్నాడే మాస్టారింటికి వెళ్లాను. తాళం వేసి ఉంది. జనవరి మొదటి వారంలో పక్షవాతం వచ్చిందని, ఆసుపత్రిలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు. వెళ్లాను. నన్ను గుర్తుపట్టారు, కళ్లు తడయ్యాయి, పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఆ తర్వాత ఆయన రెండేళ్లు బతికారు. వారానికోసారి వెళ్లి పక్కన కూర్చునేవాణ్ణి. కాని ఆ రోజు కాఫీ పెడతానంటూ నాతో ఏం చెప్పాలనుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. క్యాలెండరు ఇచ్చాను, కేకు ఇచ్చాను, ప్రార్థన చేశాను. పక్కన కూర్చోలేదు.

అప్పుడు అర్థమైంది, పౌలు ఎందుకు దారిన పోతూ పలకరించనన్నాడో. ఆయన మాట నిలబెట్టుకుని గ్రీసు దేశంలో మూడు నెలలు ఉన్నాడు (అపొ.కా. 20:2-3). ఆ రోజుల్లో తనకు ఆతిథ్యమిచ్చినవాడు గాయి అని రోమా పత్రిక చివర్లో (16:23) చెప్పుకున్నాడు. ఆ పత్రిక పుట్టింది కొరింథులోని ఆ చలికాలంలోనే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. విశ్వాసం ద్వారా నీతిమంతులుగా తీర్చబడతామన్న సత్యాన్ని లోకానికి చాటిన ఆ పత్రిక వెనుక ఒక స్నేహితుడి ఇల్లు, వేళకు వడ్డించిన భోజనం ఉన్నాయి!

ప్రియులారా, మన డెల్టాలో కుటుంబం నుంచి ఒక్కరైనా విదేశాల్లో లేని వీధి ఈ రోజుల్లో అరుదు. డిసెంబరు వస్తే పిల్లలు వస్తారు. రెండు వారాల సెలవులో బ్యాంకు పనులు, పొలం కాగితాలు, పళ్ల డాక్టరు, బీసెంట్ రోడ్డులో బట్టలు, నాలుగు పెళ్లిళ్లు. అమ్మానాన్నలకు మిగిలేది విమానాశ్రయానికి వెళ్లే కారులో ఆ గంట! అటునుంచి పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దలదీ అదే పరిస్థితి. అందరూ ఉద్యోగాలకు వెళ్లాక తాళం వేసిన ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని మంచు చూస్తుంటారు. ఇక సంఘాలు, సంఘకాపరులం మేమైతే, ఎన్ని ఇళ్లు తిరిగామో లెక్క రాసుకుంటాం. ఎక్కడ కూర్చున్నామో రాసుకోం.

పౌలు జీవితం చివర్లో మరో చలికాలం వచ్చింది. ఈసారి ఆయన రోమాలో ఖైదీ. త్రోయలో వదిలిన అంగీ తెమ్మని, చలికాలం రాకముందే బయలుదేరి రమ్మని తిమోతికి కబురు పెట్టాడు (2 తిమోతి 4:13, 21). సముద్రం మూసుకుపోతే మళ్లీ వసంతం దాకా దారి లేదు. అంతవరకూ తాను ఉంటాడో లేదో తెలియదు. తిమోతి వేళకు చేరాడో లేదో బైబిలు చెప్పదు.

మన సంగతి మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈ పండుగ రోజుల్లో తిరగాల్సిన ఇళ్ల జాబితా కొంచెం తగ్గించుకుందాం. ఒక్క తలుపు తడదాం. 'కూర్చోండి, కాఫీ పెడతాను' అంటే, ఈసారి కూర్చుందాం.