పాత ట్రాక్టరు: ఉంచుకొనుటయా, మార్చుటయా?

తుంగభద్ర కాలువలకు 1953లో నీరు వచ్చిన పిమ్మట, కృష్ణా గోదావరి మండలములనుండి వచ్చి గంగావతి, సింధనూరు, సిరుగుప్ప ప్రాంతముల క్యాంపులలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. నాడు ఎడ్లు చేసిన దమ్ము నేడు ట్రాక్టరు చేయుచున్నది. ఇంటియందలి బండి పాతబడినకొలది ఏటేట ఒక ప్రశ్న ఎదురగును: దీనిని బాగుచేయించి ఉంచుకొందమా, అమ్మివేసి క్రొత్తది కొందమా? ఇది చిన్న ప్రశ్న కాదు. తొందరపడి కొన్నచో పొలము తాకట్టు పడును. జాగు చేసినచో నాట్ల వేళ బండి మడిలో నిలిచిపోవును. పొరుగువారి కొట్టములో క్రొత్త బండి మెరయుచున్నదని గాని, మన బండి తాతగారి కాలమునుండి ఉన్నదని గాని నిర్ణయింపరాదు. లెక్క వేసి నిర్ణయింపవలెను. ఆ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థికి సాధ్యమైనదే.

మొదట వయస్సు సంగతి. పదేండ్లు దాటిన ట్రాక్టరును తుక్కు చేయవలెనను వదంతి అప్పుడప్పుడు పుట్టుచుండును. వ్యవసాయ ట్రాక్టరు చట్టరీత్యా రవాణా వాహనము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము దాని రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆపై బండి తగిన స్థితిలో ఉన్నచో అయిదేసి ఏండ్లకు పొడిగింపవచ్చును. కావున వయస్సొక్కటే కారణముగా బండిని వదలుకొననక్కరలేదు. ట్రాక్టరు ఆయువును ఏండ్లకంటె గంటలలో కొలుచుట మేలు. లెక్కల నిమిత్తము యంత్రశాస్త్రజ్ఞులు సాధారణముగా ఏటికి 1,000 గంటల చొప్పున పదేండ్లకు 10,000 గంటలు అని తీసికొందురు. ఏటికి 300 గంటలు మాత్రమే నడచిన బండి పదునైదేండ్లకు 4,500 గంటలే నడచినదగును.

ఇప్పుడొక ఉదాహరణము చూతము. ఇందలి అంకెలు పద్ధతి తెలియుటకై మేము ఊహించినవి. ఎవరి అంకెలు వారు వేసికొనవలెను. క్రొత్త ట్రాక్టరు వెల రూ. 7,00,000 అనుకొందము. పదేండ్లకు దాని విలువ రూ. 70,000 మిగులును. అనగా ఏటికి తరుగుదల రూ. 63,000. పెట్టుబడి సగటున రూ. 3,85,000, నూటికి పది వంతున వడ్డీ రూ. 38,500. భీమా, సర్వీసు రూ. 15,000. మొత్తము రూ. 1,16,500. బండి 300 గంటలు నడచినచో గంటకు సుమారు రూ. 388 పడును. డీజిలు, డ్రైవరు కూలి రెండు బండ్లకును ఉన్నవే గనుక ఇందు చేర్చలేదు.

పాత బండి నేడు రూ. 1,50,000 పలుకుననుకొందము. తరుగుదల రూ. 15,000, ఆ సొమ్ముపై పోవు వడ్డీ రూ. 15,000, మరమ్మతులు రూ. 40,000, గంటకు అరలీటరు అధికముగా త్రాగునని అనుకొన్నచో 150 లీటర్ల డీజిలు, లీటరు రూ. 90 చొప్పున రూ. 13,500. మొత్తము రూ. 83,500, గంటకు సుమారు రూ. 278. అనగా ఇంత తక్కువ పని గల ఇంట పాత బండియే లాభము.

అదే బండి సొంత పొలముతో పాటు బాడుగకు కూడ పోయి 1,000 గంటలు నడచిన యెడల ఫలితము తారుమారగును. పాత బండికి మరమ్మతులు రూ. 1,20,000, అధికపు డీజిలు రూ. 45,000 అయినచో మొత్తము రూ. 1,95,000. క్రొత్త బండికి భీమా, సర్వీసు రూ. 35,000 వేసినను రూ. 1,36,500 మాత్రమే. కావున ముందుగా తెలిసికొనవలసినది మన బండి ఏటికి ఎన్ని గంటలు నడచునన్నది. రెండవ పంటకు నీరు రాని ఏట గంటలు తగ్గునని కూడ మరువరాదు. గంటలు మరీ తక్కువైనచో బాడుగ బండియో, కృషి యంత్ర ధారె కేంద్రమో చాలునేమో విచారింపవలెను.

ఈ లెక్కలో ఒకటి చేర్చరాదు, ఒకటి విడువరాదు. నిరుడు ఇంజనుకు పెట్టిన ఖర్చును చేర్చరాదు. "ఇంత పోసితిమి, ఇక ఎట్లు అమ్ముదుము?" అనుట సహజమే గాని, పోయిన సొమ్ము ఏ దారి పట్టినను తిరిగి రాదు. ఇకముందు కాబోవు ఖర్చునే చూడవలెను. విడువరానిది పని చెడిన దినముల నష్టము. కాలువ వంతు వచ్చినప్పుడు, నాటు కూలీలు గట్టున నిలిచినప్పుడు బండి ఆగినచో పోవునది మరమ్మతు ఖర్చు మాత్రమే కాదు.

పిదప బండిని పరీక్షింపవలెను. నల్లపొగ వచ్చినచో గాలి వడపోత మూసికొనియుండవచ్చును, ఇంజెక్టరు చెడియుండవచ్చును. ఇవి స్వల్ప వ్యయముతో తీరును. నీలిపొగ విడువక వచ్చుచు ఆయిలు తరుగుచున్నచో రింగులు, బోరు అరిగినవేమో చూపింపవలెను. ఆయిలు పాలవలె తెల్లబడినచో అందు నీరు చేరినదన్నమాట. దమ్ములో తిరుగు బండ్లకు ఇరుసు సీళ్లగుండ బురదనీరు లోనికి పోవు ప్రమాదము హెచ్చు. ఇంజను, గేరుపెట్టె, హైడ్రాలిక్కు మూడును ఒకేసారి పని కోరుచున్నచో ముగ్గురు మెకానిక్కులను అడిగి ఖర్చు వ్రాయించుకొనుట మంచిది.

విడిభాగముల సంగతియు ముఖ్యమే. ఎచ్.ఎం.టి. సంస్థ పింజోరులో 1971లో ట్రాక్టర్ల తయారీ ఆరంభించెను. ఆ విభాగమును మూసివేయుటకు 2016లో కేంద్ర ప్రభుత్వము నిర్ణయించెను. ఫరీదాబాదులో 1959లో మొదటి ట్రాక్టరు వెలువరించిన ఐషర్ వారి ట్రాక్టరు విభాగము 2005లో చెన్నైలోని టాఫె సంస్థకు చేరి, ఆ పేరుతోనే కొనసాగుచున్నది. కావున తయారీదారు ఉన్నాడా లేడా అన్నదానిని బట్టి ఒకే వయస్సు గల రెండు బండ్ల భవిష్యత్తు వేరు కావచ్చును.

బ్రేకుల విషయమున మాత్రము లెక్కకు తావు లేదు. బ్రేకు గాని స్టీరింగు గాని నమ్మదగనిదైనచో, బాగుచేయించునంతవరకు వడ్లబస్తాల ట్రైలరు తగిలించి రోడ్డెక్కరాదు.

కొననెంచువారు మరి రెండు తెలిసికొనవలెను. 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి కఠినమైన పొగ నిబంధనలు వచ్చినవి. ఎలక్ట్రానిక్ పద్ధతిన ఇంధనము పంపు ఇంజనును ఊరి మెకానిక్కు పానాలతో మాత్రమే బాగుచేయజాలడు. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టరుపై జి.ఎస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గెను, పన్నుగాక రూ. 7,00,000 గల బండిపై ఇది రూ. 49,000 తగ్గుదల. అయితే టైర్లు, క్లచ్చి, గేరుపెట్టె మొదలగు నిర్ణీత భాగములపై కూడ 18 నుండి 5కు తగ్గెను. కావున తగ్గుదలను రెండు వైపులను లెక్కింపవలెను.

విద్యార్థులారా, ఇచ్చట మీ పని కలదు. అప్పు కాగితములు తరచుగా కన్నడమునందో ఆంగ్లమునందో ఉండును. మీ తల్లిదండ్రులలో కొందరికి తెలుగు అక్షరములే వచ్చును. మీరు బడిలో మూడు భాషలు చదువుచున్నారు. వడ్డీ ఎంత, కంతులెన్ని, కంతు తప్పినచో ఏమగును, తాకట్టు బండియా పొలమా అను నాలుగు సంగతులు చదివి తెలుగులో చెప్పుడు. తెలియనిచోట ఉపాధ్యాయుల నడుగుడు. అర్థము కాని కాగితముపై మీ ఇంటివారు సంతకము చేయకుండ చూచుట మీ చదువునకు తగిన సార్థకత.

నేడే ఒక నోటుపుస్తకము తీసి, బండి నడచిన గంటలు, పోసిన డీజిలు, మరమ్మతు ఖర్చు, ఆగిన దినములు అని నాలుగు గళ్లు గీయుడు. రెండు పంటలు గడచునప్పటికి ఉంచుటయా మార్చుటయా అన్నది ఆ పుస్తకమే చెప్పును.