ఆరు మెగాపిక్సెళ్ళు - రెండు కెమెరాలు

(ఫైనల్ ఇయర్ బి.యస్సీ. విద్యార్థిని)

విజ్ఞాన శాస్త్రం మానవుడికి ఇచ్చిన కానుకల్లో కెమెరా ఒకటి. గడిచిపోయిన క్షణాన్ని తిరిగి కళ్ళముందు నిలబెట్టే సాధనం అంతకుముందు చిత్రకారుడి కుంచె తప్ప మరొకటి లేదు. ఇవాళ ప్రతి చేతిలోనూ సెల్‌ఫోను, ప్రతి సెల్‌ఫోనులోనూ కెమెరా ఉన్నాయి గనుక దాని గొప్పతనం మనకు తట్టడం లేదు. అయినా మన కాలేజీలోనే కొందరు మిత్రులు పాత డిజిటల్ కెమెరాలను సెకండ్ హ్యాండులో వెతుక్కుని కొంటున్నారు. కొనేటప్పుడు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, చాలాసార్లు ఆఖరి ప్రశ్న కూడా ఒకటే: "ఎన్ని మెగాపిక్సెళ్ళు?"

ఆ ప్రశ్న ఎంత అరకొర ప్రశ్నో ఈ సంవత్సరం రెండు పాత కెమెరాలు నాకు నేర్పాయి. ఒకటి మా బావ దగ్గరున్న నికాన్ డి40. రెండోది మా డిపార్టుమెంటు బీరువాలో ఎన్నాళ్ళనుంచో పడి ఉన్న కానన్ పవర్‌షాట్ ఎస్3 ఐఎస్. లెక్చరరు గారిని అడిగితే, "పని చేస్తే వాడుకోమ్మా" అన్నారు. పని చేసింది. రెండు కెమెరాలూ 2006లోనే మార్కెట్టుకు వచ్చాయి. నికాన్‌ది 6.1 మెగాపిక్సెళ్ళు, కానన్‌ది 6.0. అంటే మన మిత్రుల ప్రశ్నకు రెండూ ఒకే జవాబు చెబుతాయి. కాని ఒకటి చేసే పని రెండోది చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకు తెలిసినంతలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పిక్సెల్ అంటే ఏమిటి?

పాత కెమెరాలో ఫిల్ము ఉన్నచోట డిజిటల్ కెమెరాలో సెన్సార్ అనే సిలికాన్ పలక ఉంటుంది. దానిమీద నిలువు వరసల్లో, అడ్డు వరసల్లో లక్షలకొద్దీ చిన్న చిన్న గళ్ళు ఉంటాయి. ఒక్కొక్క గడి ఒక పిక్సెల్. పది లక్షల గళ్ళయితే ఒక మెగాపిక్సెల్. గడిమీద కాంతి పడితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు విడివడతాయి. ఎక్కువ కాంతి పడినచోట ఎక్కువ, తక్కువ పడినచోట తక్కువ. ఆ ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి అంకెలుగా మారిస్తే అదే ఫోటో.

మన రెండు కెమెరాల్లోనూ ఉన్నది సి.సి.డి. అనే రకం సెన్సార్. దీన్ని 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. నలభై ఏళ్ళ తర్వాత, 2009లో, వాళ్ళకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతిలో సగం దక్కింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఒక సి.సి.డి.తో మొట్టమొదటి డిజిటల్ కెమెరా తయారుచేశాడు. దానిలో ఉన్నవి పదివేల పిక్సెళ్ళు మాత్రమే. ఒక్క నలుపు-తెలుపు బొమ్మను క్యాసెట్ టేపుమీద ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది.

ఇంకొక చిత్రం ఏమిటంటే, పిక్సెల్‌కు రంగులు తెలియవు. ఎంత వెలుగు అన్నదే తెలుసు. అందుకని ఒక్కొక్క గడిమీద ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక రంగు వడపోత అతికిస్తారు. సగం గళ్ళకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. ఈ అమరికకు కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుమీద 1976లో పేటెంటు వచ్చింది. ప్రతి గడిలోనూ లేని రెండు రంగుల్ని పక్క గళ్ళను చూసి కెమెరా లెక్కగట్టుకుంటుంది.

ఒకే లెక్క, రెండు చేలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నికాన్ డి40 సెన్సార్ పొడవు 23.7 మిల్లీమీటర్లు, వెడల్పు 15.6. వైశాల్యం సుమారు 370 చదరపు మిల్లీమీటర్లు. కానన్ ఎస్3 సెన్సార్ పొడవు 5.76, వెడల్పు 4.29. వైశాల్యం సుమారు 25 చదరపు మిల్లీమీటర్లు. 370ని 25తో భాగించండి. దాదాపు పదిహేను రెట్లు తేడా!

సేద్యం భాషలో చెప్పాలంటే, ఒకరు అరవై లక్షల మొక్కల్ని పదిహేనెకరాల్లో నాటారు, మరొకరు అవే అరవై లక్షల మొక్కల్ని ఒక్క ఎకరంలో కుక్కారు. మొక్కల లెక్క ఇద్దరిదీ ఒకటే. ఒక్కో మొక్కకు అందే ఎండలోనే తేడా.

ఆ తేడా ఫోటోలో ఎలా బయటపడుతుంది? కాంతి ధారలాగా రాదు. ఫోటాన్లనే బిందువులుగా వస్తుంది, వానచినుకుల్లాగా. చినుకులు పడే వాకిట్లో ఒకేరకం గ్లాసులు కొన్ని వరసగా పెట్టి, కాసేపయ్యాక తీసి చూడండి. అన్నిటిలోనూ సమానంగా నీళ్ళుండవు. ఒకదానిలో నాలుగు చినుకులు ఎక్కువ, ఇంకొకదానిలో తక్కువ. సగటున వంద చినుకులు పడితే హెచ్చుతగ్గు వందకు వర్గమూలం, అంటే పది, ఉంటుందని గణితం చెబుతుంది. వందలో పదంటే పదిశాతం. గ్లాసులకు బదులు పదిహేను రెట్లు నోరున్న గంగాళాలు పెడితే సగటున పదిహేనువందల చినుకులు. దాని వర్గమూలం సుమారు 39. అది రెండున్నర శాతం పైచిలుకు మాత్రమే.

తక్కువ వెలుతురులో తీసిన ఫోటోల్లో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు చాలావరకు ఈ హెచ్చుతగ్గులే. గడి చిన్నదైతే చుక్కలు ఎక్కువ. మిట్టమధ్యాహ్నం కుండపోతగా కాంతి పడుతుంది గనుక గ్లాసూ నిండుతుంది, గంగాళమూ నిండుతుంది. అప్పుడు తేడా అంతగా తెలియదు. చీకటి పడ్డాకే గంగాళం విలువ తెలిసేది.

ఇక్కడ కొనేవాళ్ళకొక హెచ్చరిక. కానన్ సెన్సార్ కొలతను కాగితాల్లో "1/2.5 అంగుళం" అని రాస్తారు. లెక్క ప్రకారం అది పది మిల్లీమీటర్లు ఉండాలి. నిజానికి మూలనుంచి మూలకు కొలిచినా ఏడు మిల్లీమీటర్ల చిల్లరే ఉంటుంది. వెనకటి టెలివిజన్ కెమెరాల్లోని గాజుగొట్టం బయటి వ్యాసాన్నిబట్టి పెట్టిన పేర్లు ఇంకా అలాగే నడుస్తున్నాయి. కాబట్టి అంగుళాలు చూడకండి, మిల్లీమీటర్లు చూడండి.

అద్దం ఉన్నది, అద్దం లేనిది

రెండు కెమెరాల నిర్మాణం కూడా వేరు. నికాన్ డి40 ఎస్.ఎల్.ఆర్. జాతిది. లెన్సు వెనక నలభై అయిదు డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన కాంతిని అది పైకి మళ్ళిస్తుంది. పైన మరికొన్ని అద్దాలు దాన్ని మన కంటికి చేరుస్తాయి. మీట నొక్కగానే అద్దం టక్కున పైకి లేచి, షట్టరు తెరుచుకుని, కాంతి సెన్సార్‌మీద పడుతుంది. మనం చూసేది అసలు కాంతినే గనుక ఆలస్యం ఉండదు. పరుగెత్తే లేగదూడని పట్టుకోవాలంటే ఇదే మేలు. లెన్సు విప్పి వేరొకటి బిగించుకోవచ్చు. అయితే దీనిలో వీడియో లేదు. వెనక తెరమీద బొమ్మ చూస్తూ ఫోటో తియ్యడమూ కుదరదు.

కానన్ ఎస్3లో ఈ అద్దం లేదు. సెన్సార్‌మీద పడిన బొమ్మనే తెరమీద చూస్తాం. రెప్పపాటు ఆలస్యం ఉంటుంది. లెన్సు విప్పడానికి వీల్లేదు. కాని తెరను బయటికి లాగి ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. వీడియో కూడా తీస్తుంది. నాలుగు పెన్ను బ్యాటరీలు వేస్తే చాలు. అవి మా ఊరి కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి.

పిట్ట కొంచెం - కూత ఘనం

ఇంతవరకూ చదివినవాళ్ళు చిన్న సెన్సార్ పనికిమాలినదనుకుంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను, మిరపచేలోకి దిగేదాకా.

సెన్సార్ చిన్నదైతే దానిమీద బొమ్మ పరచడానికి చిన్న లెన్సు చాలు. ఎస్3 లెన్సు నాభ్యంతరం 6 నుంచి 72 మిల్లీమీటర్లు. పాత 35 మి.మీ. ఫిల్ము లెక్కలో అది 36 నుంచి 432తో సమానం. పన్నెండు రెట్ల జూమ్! డి40మీద అంత దూరం లాగాలంటే దాదాపు 290 మిల్లీమీటర్ల లెన్సు కావాలి. కెమెరాతో వచ్చిన మామూలు లెన్సు 55 దగ్గరే ఆగిపోతుంది. రెండో లాభం, నాభ్యంతరం తక్కువ గనుక ముందున్నదీ వెనకున్నదీ కూడా స్పష్టంగా పడతాయి. మూడోది అన్నిటికంటే వింత. ఎస్3లో సూపర్ మాక్రో అనే అమరిక పెడితే లెన్సుకు ఆనించిన వస్తువును కూడా ఫోటో తియ్యవచ్చు. డి40తో వచ్చిన లెన్సుకు కనీసం 28 సెంటీమీటర్ల దూరం కావాలి.

మాది మిరప పండించే కుటుంబం. మిరపలో ఆకుముడత రెండు రకాలు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు పైకి ముడుచుకుని దోనెలాగా అవుతుంది. దాన్ని పై ముడత అంటారు. నల్లి పడితే కిందికి ముడుచుకుంటుంది, అది కింది ముడత. తామర పురుగు ఆరు కాళ్ళ కీటకం. నల్లి ఎనిమిది కాళ్ళది, సాలీడు జాతి. అందుచేత తామర పురుగుకు కొట్టే మందులు చాలావాటికి నల్లి చావదు. 2021లో పూలలో చేరే కొత్తరకం తామర పురుగు మన రెండు రాష్ట్రాల మిరప రైతుల్నీ ఎంత ఏడిపించిందో అందరికీ తెలిసిందే.

ఈసారి మా చేలో ముడత రెండు విధాలా కనిపించింది. అంతకుముందటేడు కొట్టువాడు ఇచ్చిన మందు కొడితే డబ్బు పోయింది గాని ముడత పోలేదు. నా ఫోను కెమెరా అద్దం పగిలి ఉంది. "అమ్మాయ్, ఆ కెమెరాలతో ఏమన్నా కనిపిస్తుందేమో చూడు" అన్నాడు నాన్న.

ముందు బావ కెమెరాతో తీశాను. బొమ్మ అందంగా వచ్చింది. ఆకు అంచు స్పష్టంగా ఉంది, మడత లోపలంతా మసక. తర్వాత ఎస్3 తీసి, తెర పైకి తిప్పుకుని, లెన్సును ఆకు అడుగుకు దాదాపు తగిలించాను. లెన్సు నీడే ఆకుమీద పడింది. నాన్న నోటుపుస్తకంలోంచి తెల్లకాగితం చింపి, ఎండని దానిమీదుగా మళ్ళించి పట్టుకున్నాడు. అయిదారు ఫోటోలు పాడయ్యాక ఒకటి కుదిరింది. ఈనె పక్కనే లేతపసుపు గీతల్లాగా సన్నటి పురుగులు. వ్యవసాయాధికారి గారు ఆ ఫోటోలూ, తెంపుకెళ్ళిన ఆకులూ చూసి, ప్రస్తుతానికి తామర పురుగే ఎక్కువ ఉందని చెప్పారు. రెండు మందులు కలిపి కొట్టబోయిన నాన్న ఒక్కటే తెచ్చాడు. పదిహేనో వంతు సెన్సార్ చేసిన పని అది.

దీపాల వేళ

ఆ సాయంత్రమే రెండో పరీక్ష జరిగింది. మా నాయనమ్మ ఫోటో మా ఇంట్లో ఆధార్ కార్డుమీద తప్ప ఎక్కడా లేదు. ఆ కార్డులో ఆమెను మేమే గుర్తుపట్టలేం. పనులన్నీ అయ్యాక వసారాలో ఒక్క బల్బు కింద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. ఫ్లాష్ వేస్తే కళ్ళు మూసుకుంటుంది.

ఎస్3ని 400 ఐ.ఎస్.ఓ. వేగంలో పెడితే సెకనులో ఎనిమిదో వంతు సేపు షట్టరు తెరిచి ఉంచాల్సి వచ్చింది. దీనిలో చెయ్యి వణికితే సరిదిద్దే ఏర్పాటు ఉంది. గోడ, స్తంభం నిక్కచ్చిగా పడ్డాయి. కాని ఆ ఏర్పాటు వణికే మన చేతిని సరిదిద్దుతుంది గాని, కదిలే నాయనమ్మని ఆపలేదు! ముఖం అలుక్కుపోయింది. వేగం 800కు పెంచితే ముఖం నిండా ఇసుక.

డి40ని 1600లో పెట్టాను. దాని లెన్సు రంధ్రం ఎఫ్ 3.5. కానన్‌ది ఎఫ్ 2.7, అంటే కాంతిని లోపలికి రానివ్వడంలో కానన్‌దే పైచెయ్యి. అది తీసేసి లెక్కగట్టినా నికాన్ గడికి దాదాపు తొమ్మిది రెట్లు కాంతి దక్కుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు సరిపోయింది. నాయనమ్మ తల ఎత్తి, "ఏందే, ఇంకా కాలేదా?" అని నవ్వినప్పుడు నొక్కాను. చుక్కలు లేకపోలేదు. కాని నుదుటి మడతలూ, చేతిలో వత్తీ, ఆ నవ్వూ అన్నీ ఉన్నాయి. పటం కట్టించి వసారాలోనే తగిలించాం.

మరి ఏది కొనాలి?

పూలు, పురుగులు, ఆకులు, దూరాన చెట్టుమీద పిట్టలు, ఇవన్నీ పగటి వెలుతురులో తియ్యాలనుకునే బాటనీ, జువాలజీ మిత్రులకు ఎస్3 లాంటి చిన్న సెన్సార్ జూమ్ కెమెరా చాలు. మనుషుల్ని, పెళ్ళిళ్ళని, నాటకాల్ని, దీపాల వెలుతురులో జరిగే వాటిని తియ్యాలనుకుంటే డి40 లాంటి పెద్ద సెన్సార్ కెమెరా కావాలి. ఒక్క మాట: డి40లో ఫోకస్ తిప్పే మోటారు లేదు. మోటారు లెన్సులోనే ఉండాలి. చవగ్గా వచ్చిందని మోటారు లేని పాత లెన్సు కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఏ పాత కెమెరా కొన్నా బ్యాటరీ, మెమరీ కార్డు దగ్గర పెట్టుకుని, అక్కడికక్కడే పది ఫోటోలు తీసి చూశాకే డబ్బివ్వండి.

ఇవాళ్టి సెల్‌ఫోన్లు చిన్న సెన్సార్ లోపాన్ని ఇంకొక విధంగా దాటుతున్నాయి. ఒక్క ఫోటోకు బదులు వెంటవెంటనే అనేక ఫోటోలు తీసి, వాటిని కలిపి హెచ్చుతగ్గుల్ని సర్దుతాయి. గ్లాసును పదిసార్లు నింపి గంగాళంలో పోసినట్టన్నమాట. సూత్రం మారలేదు, ఉపాయం మారింది.

మిత్రులారా! చేను ఎంతో అడక్కుండా మొక్కలు ఎన్నో అడిగి పంట అంచనా వేసే రైతు ఎక్కడా ఉండడు. కెమెరా దగ్గర మనమెందుకు అలా అడగాలి? ఈసారి ఎవరైనా మెగాపిక్సెళ్ళ లెక్క చెప్పినప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యండి. సెన్సార్ ఎన్ని మిల్లీమీటర్లు? నేను తియ్యబోయేది ఏమిటి? మొదటి ప్రశ్నకు కొట్టువాడు జవాబు చెబుతాడు. రెండో దానికి మనమే చెప్పుకోవాలి.