పెట్టెపై నంకె, చేతిలో చుట్ట

పొగ మాన్పుటకు కేంద్ర ప్రభుత్వము 2016లో చేతిఫోనును సాధనముగా గైకొనినది. మిస్డు కాలిచ్చిన చాలు, ధైర్యము చెప్పు సందేశములు వచ్చును. పైస ఖర్చు లేదు. 2018 సెప్టెంబరు నుండి పొగాకు పెట్టెలపై 1800-11-2356 అను ఉచిత సహాయపు టంకెను ముద్రింపవలెనని విధించిరి. మంచిదే. కాని పెట్టె కొనువాడెవడు? పేదవాడు కిళ్ళీకొట్టులో విడిగా నొక సిగరెట్టు కొనును. శ్రీకాకుళపు పల్లెలలో అడ్డపొగ త్రాగు ముదుసలులు నిప్పుకొనను నోటిలో నుంచుకొందురు. అంగిటి పుండ్లకు, పుట్టకురుపునకు నిదియే దారి. ఆ చుట్టకు పెట్టెయే లేదు, అంకె యెక్కడ నుండును? అవ్వకు చదువు రాదు. ఫోను కొడుకు జేబులో నుండును. సందేశము పంపి చేతులు దులుపుకొన్న దొరతనమునకు ఈ యవ్వ కానరాదు. ఆ యంకెను కిళ్ళీకొట్టు తలుపుపైనను రేషను దుకాణపు గోడపైనను తెలుగు లిపిలో పెద్దగా వ్రాయింపవలెను. కూలీలకు బీడీలు పంచు ఆసాములు, ఆ బీడీకి మారుగా, తమ ఫోనుననే యా యంకెను పిలిచి వారి చేతికీయవచ్చును.